ఒకే సూది – ఒంట్లో రెండు రకాల జవాబు



టీకా సూది ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ ఒకటే. సీసా ఒకటే. లోపలి మందు ఒకటే. ఎక్కించే కొలత కూడా ఒకటే. కానీ ఆ మందు ఒంట్లోకి వెళ్ళాక జరిగే పని ఇద్దరిలో ఒకలాగే ఉంటుందా? ఉండదు. ఫ్లూ టీకా విషయంలో డాక్టర్లు రక్తం తీసి, కొలిచి మరీ చూశారు. ఆ లెక్కలో ఏం తేలిందో ఈ పాఠంలో చదువుదాం.

"ఆడదాని ఒళ్ళు అర్భకం" అనే మాట మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. విని విని, నిజమే కాబోలు అనుకుంటున్నాం. ఈ పాఠం చదివాక ఆ మాట ఎంతవరకు నిజమో మీరే చెప్పండి.

ఫ్లూ అంటే ఏమిటి?

పడిశం పడితే ముక్కు కారుతుంది. తుమ్ములు వస్తాయి. నాలుగు రోజులకు తగ్గిపోతుంది. పడిశం వచ్చిందని మనం పని మానం.

ఫ్లూ అలా కాదు. ఒక్కసారిగా జ్వరం కొడుతుంది. ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు నొప్పులు వస్తాయి. తలనొప్పి, గొంతునొప్పి, పొడి దగ్గు ఉంటాయి. లేచి నిలబడే ఓపిక ఉండదు. చాలామందికి వారం రోజుల్లో తగ్గుతుంది. దగ్గు, నీరసం ఇంకొన్నాళ్ళు ఉంటాయి.

కొందరికి మాత్రం ఫ్లూ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. నిమ్ము చేస్తుంది. ప్రాణం మీదికి తెస్తుంది. పసిపిల్లలు, ముసలివాళ్ళు, గర్భిణులు, ఉబ్బసం, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు – వీళ్ళకు ప్రమాదం ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది దాకా ఫ్లూ వల్ల ఊపిరితిత్తులు చెడి చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది.

ఫ్లూకి కారణం ఒక వైరస్. వైరస్ అంటే కంటికి కనబడనంత చిన్న రోగక్రిమి. రోగి దగ్గినా, తుమ్మినా ఆ తుంపరల్లో బయటికి వస్తుంది. పక్కవాళ్ళ ముక్కులోకి, నోటిలోకి పోతుంది. మన దేశంలో ఫ్లూ ఎక్కువగా వానాకాలంలో ఒకసారి, జనవరి నుంచి మార్చి మధ్యలో ఇంకోసారి వస్తుంది.

1918లో ఏం జరిగింది?

1918లో ప్రపంచమంతా ఫ్లూ పాకింది. ఆ ఏడాది జూన్‌లో ఓడల మీద బొంబాయికి వచ్చింది. అక్కడినుంచి రైళ్ళ వెంట దేశమంతా వ్యాపించింది. మన దేశంలోనే కోటి మందికి పైగా చనిపోయారు. అప్పటికి ఫ్లూ టీకా లేదు. ఫ్లూ వైరస్ ఏదో కూడా ఎవరికీ తెలియదు.

మన దేశంలో ఆ రోజుల్లో మగవాళ్ళ కంటే ఆడవాళ్ళే ఎక్కువగా పోయారని ఆనాటి లెక్కలు చెబుతున్నాయి. ఎందుకు? ఇంట్లో రోగులకు సేవ చేసేది ఆడవాళ్ళే. అందరూ తిన్నాక మిగిలింది తినేదీ ఆడవాళ్ళే. తనకు జ్వరం వచ్చినా పొయ్యి దగ్గర కూర్చోవలసిందీ ఆడమనిషే. తిండి లేక, విశ్రాంతి లేక, రోగానికి దగ్గరగా ఉండి చాలామంది ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. తర్వాత మళ్ళీ కావాలి.

టీకా ఏం చేస్తుంది?

మన రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి. అవి ఒంటికి కాపలాదారులు. బయటినుంచి ఏదైనా క్రిమి వస్తే పట్టుకుంటాయి. వాటిలో కొన్ని కణాలు ఒక రక్షక పదార్థాన్ని తయారు చేస్తాయి. దాని పేరు యాంటీబాడీ. తాళానికి తాళంచెవి కుదిరినట్టు, ఒక్కో వైరస్‌కు ఒక్కో యాంటీబాడీ కుదురుతుంది. అది వైరస్‌ను అంటిపెట్టుకుంటుంది. కణాల్లోకి పోకుండా ఆపుతుంది.

చిక్కు ఏమిటంటే, కొత్త వైరస్‌ను గుర్తుపట్టి యాంటీబాడీలు తయారు చేయడానికి రోజులు పడుతుంది. ఈలోపు రోగం ముదురుతుంది. టీకా ఆ పనిని ముందే చేయిస్తుంది. దొంగ రాకముందే వాడి ఆనవాళ్ళు కాపలావాడికి చెప్పినట్టు అన్నమాట. సూదితో వేసే ఫ్లూ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. దాని ఆనవాళ్ళు మాత్రమే ఉంటాయి. కాబట్టి సూది టీకా వల్ల ఫ్లూ రాదు. టీకా వేసిన దాదాపు రెండు వారాలకు ఒంట్లో యాంటీబాడీలు సిద్ధమవుతాయి.

ఫ్లూ టీకా ప్రతి ఏడాదీ వేయించుకోవాలంటారు. ఎందుకు? పగటి వేషగాళ్ళను చూశారు కదా. ఇవాళ ఒక వేషం, రేపు ఇంకో వేషం. ఫ్లూ వైరస్ కూడా అంతే. వేషం మారుస్తూ పోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, సెప్టెంబరులో, ఏయే రకాల వైరస్‌కు టీకా చేయాలో చెబుతుంది. వేషానికి టీకా బాగా కుదిరిన ఏడాది, డాక్టరు దగ్గరికి పరుగెత్తవలసినంత ఫ్లూ 100లో 40 నుంచి 60 వంతుల దాకా తగ్గుతుంది. పూర్తిగా రాకుండా పోదు. వచ్చినా చాలామందిలో ప్రాణం మీదికి రాకుండా కాస్తుంది.

సగం మందు, పూర్తి జవాబు

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

2004లో అమెరికాలో ఫ్లూ టీకాకు కరువు వచ్చింది. ఇంగ్లాండులోని ఒక ఫ్యాక్టరీ నుంచి రావలసిన టీకా ఆగిపోయింది. దేశానికి కావలసిన టీకాలో దాదాపు సగం తగ్గిపోయింది. అప్పుడు అమెరికా సైన్యానికి చెందిన వాల్టర్ రీడ్ ఆస్పత్రి డాక్టర్లు ఒక ఆలోచన చేశారు. "ఒక్కొక్కరికి సగం మోతాదు వేస్తే చాలదా? ఉన్న టీకా రెట్టింపు మందికి వస్తుంది కదా!"

ఊరికే ఊహిస్తే లాభం లేదు. పరీక్ష చేయాలి. 18 నుంచి 64 ఏళ్ళ వయసులో ఉన్న 1,114 మంది ఆరోగ్యవంతులను తీసుకున్నారు. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు, మగవాళ్ళూ ఉన్నారు. దాదాపు సగం మందికి పూర్తి మోతాదు, అంటే అర మిల్లీలీటరు వేశారు. మిగిలినవాళ్ళకు సగం మోతాదు, అంటే పావు మిల్లీలీటరు వేశారు. టీకాకు ముందు, తర్వాత రక్తం తీసి యాంటీబాడీలు ఎన్ని తయారయ్యాయో కొలిచారు.

ఏం తేలింది? ఒకే మోతాదు వేసినా ఆడవాళ్ళలో యాంటీబాడీలు ఎక్కువగా తయారయ్యాయి. అంతే కాదు. సగం మోతాదు వేసిన ఆడవాళ్ళ రక్తంలో, పూర్తి మోతాదు వేసిన మగవాళ్ళలో ఉన్నంత జవాబు కనబడింది. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి. ఇతర పరిశోధనల్లో కూడా, ముఖ్యంగా పడుచు వయసు, నడివయసు వాళ్ళలో, ఇలాంటి తేడాయే కనబడింది.

అంటే సగం మందుకే ఆడమనిషి ఒళ్ళు అంత పని చేసింది. దాన్ని అర్భకం అనవచ్చునా?

ఇక్కడ ఒక జాగ్రత్త. "అయితే నాకు సగం సూది చాలు" అని ఎవరూ అడగకూడదు. యాంటీబాడీల లెక్క ఒకటే రక్షణ లెక్క కాదు. ఒంటికి ఇంకా వేరే కాపలాలు ఉన్నాయి. ఆడవాళ్ళకు ఒక మోతాదు, మగవాళ్ళకు ఒక మోతాదు అని ఇప్పటికీ నిర్ణయించలేదు. పెద్దవాళ్ళలో ఇద్దరికీ పూర్తి మోతాదే వేస్తారు. అదే వేయించుకోవాలి.

ఇంకో మాట. ఇది అందరినీ కలిపి చూసిన లెక్క. ఊళ్ళో మగవాళ్ళు ఆడవాళ్ళ కంటే పొడుగు అంటాం. అయినా కొందరు ఆడవాళ్ళు కొందరు మగవాళ్ళ కంటే పొడుగ్గా ఉంటారు కదా. ఇదీ అలాంటిదే.

ఈ తేడా ఎందుకు?

మొదటి కారణం హార్మోన్లు. హార్మోన్లు అంటే ఒంట్లో ఒకచోట తయారై, రక్తంలో ప్రయాణించి, ఇంకోచోట పని చేయించే పదార్థాలు. ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎక్కువ. నెల నెలా ముట్టు రావడానికి, గర్భానికి అది కావాలి. మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ ఎక్కువ. గడ్డం, మీసం, బొంగురు గొంతు దాని వల్లే వస్తాయి.

ఈ హార్మోన్లకూ టీకాకూ సంబంధం ఏమిటి? అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు 53 మంది ఆడవాళ్ళ, 34 మంది మగవాళ్ళ రక్తం పరీక్షించారు. అందరికీ ఫ్లూ టీకా వేసి చూశారు. మొత్తం మీద ఆడవాళ్ళలో జవాబు బలంగా ఉంది. మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ బాగా ఎక్కువ ఉన్నవాళ్ళకు యాంటీబాడీలు తక్కువగా వచ్చాయి. అది తక్కువ ఉన్న మగవాళ్ళకు దాదాపు ఆడవాళ్ళకు వచ్చినట్టే వచ్చాయి. ఈ సంగతి 2013 చివర్లో బయటపెట్టారు. మీసం దువ్వే హార్మోను కాపలాదారుల చేతులు కొంచెం వెనక్కి లాగుతుందన్నమాట!

రెండో కారణం క్రోమోజోములు. మన ఒంట్లోని ప్రతి కణంలో దారపు పోగుల్లాంటివి ఉంటాయి. వాటి పేరు క్రోమోజోములు. మన ఒడ్డూ పొడుగూ, రంగూ రూపూ ఎలా ఉండాలో అందులో రాసి ఉంటుంది. ఆ రాతలో ఒక్కో వాక్యం లాంటిది ఒక్కో జన్యువు. ఆడవాళ్ళలో రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి. మగవాళ్ళలో ఒకటి ఎక్స్, ఒకటి వై. పుట్టేది ఆడపిల్లా, మగపిల్లవాడా అని తేల్చేది తండ్రి నుంచి వచ్చే ఎక్స్ లేదా వై అని మీరు ఇదివరకే వినివుంటారు.

రోగాన్ని అడ్డుకునే పనికి కావలసిన జన్యువులు ఎక్స్ మీద చాలా ఉన్నాయి. మామూలుగా ఆడవాళ్ళ ప్రతి కణంలో ఒక ఎక్స్ పని చేస్తుంది, ఇంకొకటి నిద్రపోతుంది. కానీ నిద్రపోయే ఎక్స్ మీద కూడా కొన్ని జన్యువులు మేలుకునే ఉంటాయి. ఫ్లూ లాంటి వైరస్ వచ్చిందని కనిపెట్టే ఒక జన్యువు వాటిలో ఒకటి. ఇంటికి ఒక కాపలావాడికి బదులు ఒకరున్నర మంది ఉన్నట్టు.

మూడో సంగతి వయసు. దీన్ని ఒక మాటామంతీగా చదువుదాం.

పెద్దమ్మ, నర్సమ్మ

సంఘం సమావేశం అయ్యాక ఒక పెద్దమ్మ, నర్సమ్మ మాట్లాడుకుంటున్నారనుకోండి.

పెద్దమ్మ: ఏమ్మా నర్సమ్మా, నాకు ముట్లు ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. మరి నా ఒంట్లో ఆ ఈస్ట్రోజెనో ఏదో, అది ఉన్నట్టా లేనట్టా?

నర్సమ్మ: బాగా తగ్గిపోతుంది పెద్దమ్మా. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ అనే యూనివర్సిటీ ఉంది. వాళ్ళు 2019లో దీని గురించి రాశారు. పడుచు ఆడవాళ్ళకు టీకా జవాబు బాగా వచ్చింది. ఈస్ట్రోజెన్ ఎక్కువ ఉన్నవాళ్ళకు ఇంకా బాగా వచ్చింది. పెద్దవయసు ఆడవాళ్ళలో అంత రాలేదు.

పెద్దమ్మ: అయితే నాకు టీకా దండగేనా?

నర్సమ్మ: అయ్యో, అలా అనకు పెద్దమ్మా! వయసు మళ్ళినవాళ్ళకే ఫ్లూతో ప్రమాదం ఎక్కువ. జవాబు కొంచెం తగ్గినా కొంత రక్షణ ఉంటుంది. అందుకే కొన్ని దేశాల్లో 65 ఏళ్ళు దాటినవాళ్ళకు బలమైన టీకా వేస్తున్నారు. మామూలు దానికి నాలుగు రెట్లు మందు ఉన్న టీకాకు అమెరికాలో 2009లోనే అనుమతి ఇచ్చారు.

పెద్దమ్మ: మగవాళ్ళకైతే వయసుతో తగ్గదా?

నర్సమ్మ: వాళ్ళకూ తగ్గుతుంది. వయసు ఎవరినీ వదలదు పెద్దమ్మా.

చెయ్యి నొప్పి – నింద ఎవరి మీద?

2021లో కరోనా టీకాలు వేసిన రోజులు గుర్తు తెచ్చుకోండి. ఆలుమగలు ఇద్దరూ ఒకే రోజు వేయించుకుని వచ్చారు. మర్నాడు కొన్ని ఇళ్ళలో ఆయన లేచి పనికి పోయాడు. ఆమెకు చెయ్యి ఎత్తలేనంత నొప్పి. ఒళ్ళు వెచ్చబడింది. "నీదంతా నాజూకు" అని ఇంట్లోవాళ్ళు నవ్వారు. ఆమె కూడా సిగ్గుపడి, ఆ చేత్తోనే నీళ్ళు తోడింది, గిన్నెలు తోమింది.

ఫ్లూ టీకాతో కూడా ఇదే కనబడింది. సూది గుచ్చిన చోట నొప్పి, ఎరుపు, వాపు ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తాయని చాలా పరిశోధనల్లో తేలింది. ఇది నాజూకుతనం కాదు. నాటకం అసలే కాదు. టీకా వేసిన చోటికి తెల్ల కణాలు చేరి పని మొదలుపెడతాయి. ఆ పని వల్లే వాపు, వేడి, నొప్పి వస్తాయి. జబ్బు చేయడం వేరు. పని జరగడం వేరు.

అలాగని నొప్పి రానివాళ్ళకు టీకా పని చేయలేదని కాదు. నొప్పి ఎంతో రక్షణ అంత అనే లెక్క లేదు. నొప్పి లేకుండా మంచి జవాబు వచ్చేవాళ్ళూ ఉన్నారు.

మామూలుగా ఈ నొప్పి, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. ఆ రోజుల్లో ఏం చేయాలి?

- బాగా నీళ్ళు, మజ్జిగ తాగండి. కడుపునిండా తినండి.
- బరువులు ఎత్తకండి. వీలైతే ఒక పూట పడుకోండి.
- సూది వేసిన చోట రుద్దకండి. పసుపు, సున్నం లాంటివి పూయకండి.
- నొప్పికి మాత్ర కావాలంటే నర్సమ్మనో, డాక్టరునో అడిగి వేసుకోండి.

టీకా వేసిన వెంటనే ఇంటికి పరుగెత్తవద్దు. అరగంట అక్కడే కూర్చోండి. చాలా అరుదుగా కొందరికి ముఖం వాస్తుంది, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, ఊపిరి ఆడదు. అలా జరిగితే వెంటనే వైద్యం చేయాలి. జ్వరం మూడు రోజులు దాటినా ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. కూలికి పోతేనే కూడు ఉన్న ఇంట్లో ఒక రోజు పని పోవడం చిన్న విషయం కాదు. చెయ్యి నొప్పికి భయపడి కాదు, కూలి పోతుందని భయపడి చాలామంది టీకా మానేస్తారు. కాబట్టి రోజు చూసుకుని వేయించుకోండి. మర్నాడు పని తక్కువ ఉండే రోజు ఎంచుకోండి. ఆ రోజు నీళ్ళు ఎవరు తోడాలి, వంట ఎవరు చేయాలి అని ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

బలానికి రెండో వైపు

కాపలావాడు మరీ చురుగ్గా ఉంటే ఒక్కోసారి ఇంటివాళ్ళనే దొంగలనుకుని కొడతాడు. మన ఒంట్లో కూడా అలా జరుగుతుంది. రక్షించవలసిన కణాలు మన ఒంటి మీదికే తిరగబడతాయి. కీళ్ళ మీద పడితే ఒక రకం కీళ్ళవాతం వస్తుంది. గొంతు దగ్గర ఉన్న థైరాయిడ్ గ్రంథి మీద పడితే అది పాడవుతుంది. లూపస్ అనే జబ్బులో చర్మం, కీళ్ళు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇలాంటి జబ్బులు ఆడవాళ్ళకే ఎక్కువ. లూపస్ వచ్చినవాళ్ళు 10 మంది ఉంటే అందులో 9 మంది దాకా ఆడవాళ్ళే.

ఫ్లూ టీకా వేస్తే ఈ జబ్బులు వస్తాయని దీని అర్థం కాదు. ఆడవాళ్ళ ఒంటి కాపలా బలమైనది. ఆ బలంలో లాభమూ ఉంది, కష్టమూ ఉంది అని మాత్రమే అర్థం. కీళ్ళు నెలల తరబడి వాచి, పొద్దున్నే వేళ్ళు ముడవలేకపోతే "ఆడవాళ్ళకు ఇవన్నీ మామూలే" అని ఊరుకోవద్దు. డాక్టరుకు చూపించుకోవాలి.

టీకా ఒకరికి, రక్షణ ఇద్దరికి

గర్భంతో ఉన్నప్పుడు గుండె మీద, ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతుంది. ఒంటి కాపలా తీరు కూడా మారుతుంది. అప్పుడు ఫ్లూ వస్తే తట్టుకోవడం కష్టం. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది. మన దేశంలో మొదటి కేసు ఆ ఏడాది మే నెలలో హైదరాబాదులోనే బయటపడింది. ఆ స్వైన్ ఫ్లూ కాలంలో చాలా దేశాల్లో గర్భిణులు ఎక్కువగా ఆస్పత్రి పాలయ్యారు.

పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు. మరి ఆ ఆరు నెలలూ బిడ్డకు దిక్కెవరు? తల్లే. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు బొడ్డుతాడు ద్వారా బిడ్డకు అందుతాయి.

దీన్ని మన పొరుగు దేశం బంగ్లాదేశ్‌లో పరీక్షించి చూశారు. 2004, 2005 సంవత్సరాల్లో ఢాకా నగరంలో 340 మంది గర్భిణులు ఈ పరీక్షకు ఒప్పుకున్నారు. చివరి మూడు నెలల్లో ఉన్నప్పుడు దాదాపు సగం మందికి ఫ్లూ టీకా వేశారు. మిగిలినవాళ్ళకు నిమ్ముకు సంబంధించిన వేరే టీకా వేశారు. పుట్టిన బిడ్డలను ఆరు నెలల దాకా చూశారు. ఫ్లూ టీకా వేయించుకున్న తల్లుల బిడ్డల్లో 6 మందికి ఫ్లూ వచ్చింది. వేరే టీకా వేసిన తల్లుల బిడ్డల్లో 16 మందికి వచ్చింది. అంటే 100లో 63 వంతులు తగ్గిందని లెక్క కట్టారు. ఈ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి.

ఆ 340 మంది తల్లులు మనలాంటివాళ్ళే. వాళ్ళు ముందుకు రావడం వల్ల ప్రపంచానికి ఒక మంచి సంగతి తెలిసింది. 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా వేసే దేశాలు గర్భిణులకు అన్నిటికంటే ముందు చోటు ఇవ్వాలని చెప్పింది. టీకా తప్పక అందవలసినవాళ్ళలో గర్భిణులను ఇప్పటికీ లెక్కిస్తోంది.

ఒక తేడా గమనించండి. మన దగ్గర గర్భిణులకు ప్రభుత్వం ఉచితంగా వేసేది టీడీ టీకా. అది ధనుర్వాతం, కంఠసర్పి రాకుండా వేసేది. ఫ్లూ టీకా వేరు. గర్భంతో ఉన్నవాళ్ళు పరీక్షలకు వెళ్ళినప్పుడు "నాకు ఫ్లూ టీకా కావాలా? ఎక్కడ వేస్తారు? ఎంత అవుతుంది?" అని డాక్టరును అడగాలి. అడగడం మన హక్కు.

మనల్ని లెక్కలో వేశారా?

ఈ తేడాలు ఇన్నాళ్ళూ ఎందుకు తెలియలేదు? చాలా కాలం పరిశోధకులు కొత్త మందులను ఎక్కువగా మగవాళ్ళ మీదే పరీక్షించేవారు. మగవాళ్ళకు కుదిరితే ఆడవాళ్ళకూ కుదురుతుందిలే అనుకునేవారు. 1977లో అమెరికా ప్రభుత్వం, బిడ్డలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళను కొత్త మందుల తొలి పరీక్షల్లో చేర్చవద్దని సూచన కూడా చేసింది. కడుపులో బిడ్డకు హాని జరగకూడదని ఆ జాగ్రత్త. కానీ దాని వల్ల ఆడవాళ్ళ ఒంట్లో మందు ఎలా పని చేస్తుందో తెలియకుండా పోయింది. 1993లో ఆ సూచనను తీసేశారు. అదే ఏడాది అక్కడ చట్టం కూడా వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో మనుషుల మీద జరిగే వైద్య పరిశోధనల్లో ఆడవాళ్ళనూ చేర్చాలని ఆ చట్టం చెప్పింది.

చేర్చితే చాలదు. ఆడవాళ్ళ లెక్క వేరుగా, మగవాళ్ళ లెక్క వేరుగా చూడాలి. వాల్టర్ రీడ్ డాక్టర్లు ఇద్దరి లెక్కా కలిపేసి ఉంటే, సగం మందు సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

ఇప్పుడు 1918 సంగతి మళ్ళీ చూడండి. టీకా వేసి కొలిస్తే ఆడవాళ్ళ ఒళ్ళు బలమైన జవాబు ఇచ్చింది. మరి ఆనాడు ఆడవాళ్ళు ఎందుకు ఎక్కువగా పోయారు? తక్కువైంది తిండి. తక్కువైంది విశ్రాంతి. తక్కువైంది చూసే దిక్కు. ఎంత బలమైన ఒళ్ళయినా అవి లేకుండా నిలబడలేదు.

గుర్తుంచుకోండి

- ఒకే ఫ్లూ టీకాకు ఆడవాళ్ళలో, ముఖ్యంగా ముట్లు ఆగకముందు, యాంటీబాడీలు ఎక్కువగా తయారవుతాయి.
- మోతాదు మాత్రం ఇద్దరికీ ఒకటే. సగం సూది అడగకూడదు.
- చెయ్యి నొప్పి, వాపు ఆడవాళ్ళకు ఎక్కువగా వస్తాయి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.
- గర్భిణికి వేసిన ఫ్లూ టీకా పుట్టబోయే బిడ్డను కూడా కాస్తుంది.
- టీకా ఒక్కటే చాలదు. తిండి, విశ్రాంతి కూడా కావాలి.

కొత్త మాటలు

వైరస్ – కంటికి కనబడని రోగక్రిమి
యాంటీబాడీ – వైరస్‌ను ఆపడానికి ఒంట్లో తయారయ్యే రక్షక పదార్థం
మోతాదు – ఒకసారి ఇచ్చే మందు కొలత
హార్మోను – ఒంట్లో పనులు నడిపించే పదార్థం
పరిశోధన – పరీక్షించి, కొలిచి నిజం తెలుసుకోవడం

ఖాళీలు నింపండి

1. టీకా వేసిన దాదాపు ______ వారాలకు ఒంట్లో యాంటీబాడీలు సిద్ధమవుతాయి.
2. ఆడవాళ్ళలో రెండు ______ క్రోమోజోములు ఉంటాయి.
3. టీకా వేశాక ______ గంట అక్కడే కూర్చోవాలి.

లెక్క చేయండి

1. స్టాన్‌ఫర్డ్ పరీక్షలో 53 మంది ఆడవాళ్ళు, 34 మంది మగవాళ్ళు ఉన్నారు. మొత్తం ఎంతమంది?
2. ఢాకాలో ఒక జట్టు బిడ్డల్లో 16 మందికి, ఇంకో జట్టులో 6 మందికి ఫ్లూ వచ్చింది. తేడా ఎంత?

కూర్చుని మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరికి జ్వరం వస్తే ఎవరు సేవ చేస్తారు? మీకు జ్వరం వస్తే ఎవరు చేస్తారు?
2. టీకా వేయించుకున్న మర్నాడు మీ ఊళ్ళో కూలికి పోయే ఆడవాళ్ళకు ఒక పూట విశ్రాంతి దొరకాలంటే మీ సంఘం ఏం చేయగలదు?
3. "ఆడదాని ఒళ్ళు అర్భకం" అని ఎవరైనా అంటే మీరు ఏం జవాబు చెబుతారు? నాలుగు వాక్యాలు రాయండి. రాసింది పక్కవాళ్ళకు చదివి వినిపించండి.